అరబీ మీద ప్రేమతోనే అడుగుతున్నాం, అర్థం కూడా చెప్పండి
తెలుగు ప్రాంతాల మసీదు కమిటీలకు, ఇమాములకు, మక్తబు (పిల్లలకు ఖురాన్ నేర్పే మసీదు బడి) ఉస్తాదులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సదర్ సాహెబులకు, ముతవల్లీలకు, ఇమామ్ హజ్రత్‌లకు, మా పిల్లలకు అలిఫ్ బే దిద్దించే ఉస్తాదులకు,

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహ్.

నేను పల్నాడు పల్లెటూళ్లలో పుట్టి పెరిగిన నూర్‌బాషా ఇంటి ఆడపిల్లని. ఇద్దరు పిల్లల తల్లిని. బళ్లో తెలుగు చెప్పే పంతులమ్మని. మా తాతల కాలంలో దూది ఏకిన ఇళ్లు మావి. మేం ఇంట్లో మాట్లాడేది తెలుగు, కోపమొస్తే తిట్టుకునేదీ తెలుగే. ఉర్దూ మాకు రాదు. నమాజు మాత్రం ప్రపంచంలోని ముస్లింలందరిలాగే అరబీలో చదువుతాం.

మా ఊళ్లో కొంతమంది తల్లులం కలిసి కమిటీకి ఒక అర్జీ రాసిచ్చాం. పిల్లలకు ఖురాన్ చదవడంతో పాటు దాని అర్థం కూడా తెలుగులో చెప్పించమన్నాం. జుమా (శుక్రవారం) రోజు ఖుత్బాకు, అంటే అరబీ ప్రసంగానికి, ముందు జరిగే బయాన్ (ఉపన్యాసం) తెలుగులో పెట్టించమన్నాం. ఆడవాళ్లకు వారంలో ఒక పూట చదువుకునే ఏర్పాటు చేయమన్నాం. ముందు "చూద్దాంలే అమ్మా" అన్నారు. తర్వాత "ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు?" అన్నారు. ఆ తర్వాత జవాబే లేదు. పక్క ఊళ్లలో అడిగిన వాళ్లకూ ఇదే జరిగిందని తెలిశాక, ఇది ఒక్క ఊరి కమిటీతో తేలే సంగతి కాదనిపించి అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మా అర్జీ మీద ఇప్పటికే పుకారు లేచింది. నమాజు తెలుగులో చదవాలని మేం అడగడం లేదు. అజాన్ మార్చమనడం లేదు. అరబీ తీసేయమని మేం కలలో కూడా అనం. టర్కీలో 1932లో ప్రభుత్వమే పూనుకుని అజాన్‌ను టర్కీ భాషలోకి మార్పించింది. 1950లో అరబీ అజాన్ మీద ఉన్న నిషేధం తొలగిపోగానే అక్కడి మసీదులు మళ్లీ అరబీ అజాన్‌కే వచ్చేశాయి. ఆ స్వరంతో జనానికి ఉన్న బంధం పై నుంచి వచ్చిన ఉత్తర్వులతో తెగేది కాదు. ఇండోనేషియా జాలరి, నైజీరియా రైతు, మా ఊళ్లో మిర్చి కోతకు వెళ్లే అక్క, అందరూ రోజుకు ఐదు పూటలు అవే ఏడు ఆయతుల (వాక్యాల) ఫాతిహా, ఖురాన్ మొదటి అధ్యాయం, చదువుతారు. హజ్‌కు వెళ్తే పక్కన నిలబడింది ఏ దేశం మనిషో తెలియదు, ఇద్దరి నోటా "లబ్బైక్" ఒకేలా వస్తుంది. తర్జుమా ఎంత బాగున్నా అది మనిషి చేసిన తర్జుమానే. దైవవాణి మాత్రం అవతరించిన మాటల్లోనే ఉంది. అందుకే మా పిల్లలు అరబీ నేర్చుకోవాలి. నిజంగా నేర్చుకోవాలి.

ఇప్పుడు జరుగుతున్నది అరబీ నేర్పడం కాదు, అరబీ అక్షరాలను పలికించడం. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం గురించే ఈ లేఖ.

ఖురానే ఏమంటుందో చూడండి. యూసుఫ్ సూరా (అధ్యాయం) రెండో ఆయతులో, మీరు అర్థం చేసుకోవాలనే దీన్ని అరబీ ఖురాన్‌గా దించామని ఉంది. ఇబ్రాహీం సూరా నాలుగో ఆయతులో, ఏ ప్రవక్తను పంపినా తన జాతి వాళ్లకు విడమరచి చెప్పగలిగేలా వాళ్ల భాషలోనే పంపామని ఉంది. అంటే అరబీలో దించడానికి ఖురాన్ చెప్పుకున్న కారణమే అర్థం కావడం. ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) సహచరులు పది ఆయతులు నేర్చుకుంటే వాటి అర్థం, ఆచరణ తెలుసుకున్నాకే తర్వాతి పదికి వెళ్లేవాళ్లని మీరే ఎన్నోసార్లు బయాన్లలో చెప్పారు. వాళ్లు అరబ్బులు, అది వాళ్ల మాతృభాష. అయినా ఆగి నేర్చుకున్నారు. మా పిల్లలకు ఆగే తీరిక ఇవ్వరేం?

అర్థం తెలియకపోయినా చదివితే సవాబ్ (పుణ్యం) ఉందని అంటారు. ఉంది, మేం కాదనడం లేదు. ఒక్కో అక్షరానికి పది పుణ్యాలని, అలిఫ్ ఒక అక్షరం, లామ్ ఒక అక్షరం, మీమ్ ఒక అక్షరమని హదీసు (ప్రవక్త మాట) ఉంది. తడబడుతూ కష్టపడి చదివేవాడికి రెండింతలని కూడా ఉంది. ఈ హదీసులు మమ్మల్ని చదువు వైపు నడిపించడానికి వచ్చాయి. అక్కడితో చాలు ఆగిపొమ్మని చెప్పడానికి వీటినే వాడుతుంటే మాకు బాధగా ఉంది.

ఇలా ఆగిపోవడం వల్ల మామూలు ఇళ్లలో ఏం జరుగుతోందో వరసగా చెప్తాను.

1. పిల్లల సంగతి. అసర్ నమాజు తర్వాత మక్తబు మొదలవుతుంది. చాప మీద వరసగా రెహళ్లు, వాటి మీద ఖాయిదాలు (అక్షరాలు నేర్పే పుస్తకాలు), సిపారాలు (ఖురాన్ ముప్ఫై భాగాల్లో ఒక్కోటి). పిల్లలు ముందుకీ వెనక్కీ ఊగుతూ తలా ఒక పాఠం గట్టిగా చదువుతుంటారు. ఒక్కొక్కరే ఉస్తాద్ దగ్గరికి వెళ్లి సబఖ్ అప్పజెప్తారు. జబర్, జేర్, పేష్ (అచ్చుల గుర్తులు) తప్పితే ఉస్తాద్ దిద్దుతారు. చాలా శ్రద్ధగా దిద్దుతారు, ఆ విషయంలో వంక పెట్టను. మా అమ్మాయి అమ్మపారాలో (ఖురాన్ చివరి భాగంలో) సగం దాటాక ఒకరోజు "హజ్రత్, ఇందులో ఏం రాసి ఉంది?" అని అడిగింది. "ముందు చదువు పూర్తి చెయ్యి, తర్వాత తెలుస్తుంది" అన్నారు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు. ఏడో తరగతికో ఎనిమిదో తరగతికో వచ్చేసరికి ట్యూషన్లు మొదలై మక్తబు మానేస్తారు. ఖతం (మొత్తం ఖురాన్ చదవడం) అయింది, మిఠాయిలు పంచాం, గిలాఫ్‌లో చుట్టి అలమరా పైన పెట్టాం. బళ్లో పద్యం చెప్పేటప్పుడు ప్రతిపదార్థం, తాత్పర్యం చెప్పకుండా ఒట్టి పద్యం బట్టీ పట్టిస్తే హెడ్మాస్టర్ నన్ను ఊరుకోడు. అల్లాహ్ మాట దగ్గర మాత్రం ఎవరూ ఎవరినీ అడగడం లేదు.

2. అప్పులు, ఆస్తులు. ఖురాన్ అంతటిలోకీ పెద్ద ఆయతు బఖరా సూరాలో 282వది. అది నమాజు గురించో స్వర్గం గురించో కాదు, అప్పు కాగితం గురించి. గడువు పెట్టి అప్పు తీసుకుంటే రాసుకోండి, రాసేవాడు న్యాయంగా రాయాలి, బాకీ ఉన్నవాడే చెప్పి రాయించాలి, సాక్షుల్ని పెట్టుకోండి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకండి అని అంత వివరంగా ఉంది. ఈ ఆయతు చదివిన వాళ్లు మా ఊళ్లో ఎంతోమంది. నోటిమాట మీద అప్పులిచ్చి అన్నదమ్ములు పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన ఇళ్లూ ఎన్నో. అలాగే నిసా సూరా ఏడో ఆయతు. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు వదిలి వెళ్లిన దాంట్లో మగవాళ్లకు భాగం ఉంది, ఆడవాళ్లకూ భాగం ఉంది, అది కొంచెమైనా ఎక్కువైనా సరే అని ఉంది. పదకొండో ఆయతులో కూతురికి ఎంతో లెక్క కూడా ఉంది. తండ్రి చనిపోయిన మూడో రోజు జియారత్‌కి ముప్ఫై సిపారాలు పంచుతారు. ఆ నిసా సూరా కూడా ఎవరో ఒకరి ఒళ్లో ఉంటుంది, చదివేస్తారు. నలభయ్యో రోజు దాటాక అదే ఇంట్లో ఆడపిల్లల చేత వాటా వద్దని సంతకాలు పెట్టిస్తారు. అందరూ తెలిసి చేస్తున్నారని నేను అనను. చాలామందికి తాము చదివిన దాంట్లో ఆ మాట ఉందనే తెలియదు.

3. నికాహ్. పెళ్లికూతురు లోపలి గదిలో ఉంటుంది. వకీలు (పెళ్లికూతురి తరఫున మాట్లాడే పెద్ద), సాక్షులు వచ్చి ఉర్దూలో మెహర్ (భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము) ఎంతో చెప్పి ఖుబూలేనా (ఒప్పుకుంటున్నావా) అంటారు. పక్కనున్న పెద్దమ్మ మోచేత్తో పొడిస్తే పిల్ల తల ఊపుతుంది. ఖుత్బా అరబీలో సాగుతుంది. అందులో చదివే ఆయతులు భయభక్తుల గురించి, భార్యాభర్తల్ని ఒకే ప్రాణి నుంచి పుట్టించడం గురించి చెప్తాయి. అక్కడున్న ఒక్కరికీ అది చేరదు. మెహర్ సంతోషంగా ఇచ్చేయాల్సిన భార్య హక్కు అని నిసా సూరా నాలుగో ఆయతు చెప్తుంటే, మన దగ్గర అది మర్చిపోయే అంకె అయింది. భర్త చనిపోయి జనాజా వాకిట్లో ఉంటే ఏడుస్తున్న భార్య దగ్గరికి వచ్చి "మెహర్ మాఫ్ చేశానని అనమ్మా" అంటారు. నేను కళ్లారా చూశాను. ఆమెకు అరబీ అర్థం తెలిసి ఉంటే, కనీసం ఆ ఒక్క ఆయతు తెలిసి ఉంటే, బతికున్నప్పుడే అడిగేది.

4. అక్షరాలు చూస్తేనే భయపడే పరిస్థితి. 2024 ఫిబ్రవరిలో లాహోర్‌లో ఒకామె అరబీ అక్షరాలు అచ్చేసిన బట్టలు వేసుకుని బజారుకి వెళ్లింది. అవి ఖురాన్ ఆయతులని ఎవరో అన్నారు, గుంపు చుట్టుముట్టింది. ఒక మహిళా పోలీసు అధికారి వచ్చి ఆమెను క్షేమంగా బయటికి తీసుకెళ్లకపోతే ఏమయ్యేదో. తీరా చూస్తే ఆ బట్టల మీద ఉన్న మాట "హల్వా". అరబీలో తియ్యనిది, చక్కనిది అని అర్థం. ఆ గుంపులో ఖురాన్ చదివినవాళ్లు ఉండే ఉంటారు, చదివింది ఏమిటో తెలిసినవాళ్లు లేకపోయారు. మన దగ్గర అంత దూరం రాలేదని ఊరట పడొద్దు. అరబీ గీతలు నాలుగు గీసి తాయెత్తు కట్టి వేలకు వేలు గుంజేవాళ్లు మన ఊళ్లలో తిరుగుతూనే ఉన్నారు. అందులో రాసింది చదివి ఇది ఆయతు, ఇది కాదు అని చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఒకరుంటే వాళ్ల ఆటలు సాగవు.

5. తెలుగు లిపిలో అచ్చేసిన సూరాల పుస్తకాలు. ఉర్దూ రానివాళ్లకు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు వీటితోనే పని గడుస్తోంది. ఉద్దేశం మంచిదే. కానీ జీమ్, జాల్, జే, జ్వాద్, జోయ్ ఐదింటికీ తెలుగులో ఒకటే జ. సే, సీన్, స్వాద్ మూడింటికీ ఒకటే స. పెద్ద ఖాఫ్‌కీ, ఖేకీ తేడా లేదు. పెద్ద ఖాఫ్‌ను చిన్న కాఫ్‌లా పలికితే గుండె అనాల్సిన చోట కుక్క అని వస్తుందని ప్రతి ఉస్తాదుకూ తెలుసు. ఆ పుస్తకాలు కొనేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, ఎందుకంటే వాళ్లకు మక్తబు దారి లేదు.

6. గల్ఫ్. రాయచోటి, రాజంపేట వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్ నుంచి ఎంతమంది కువైట్, సౌదీ వెళ్లారో మీకు చెప్పక్కర్లేదు. అక్కడి కార్మిక చట్టాల ప్రకారం అగ్రిమెంటు రెండు భాషల్లో ఉండి తేడా వస్తే అరబీలో ఉన్నదే చెల్లుతుంది. చిన్నప్పుడు ఖురాన్ ఖతం చేసిన కుర్రాడు ఆ కాగితం పట్టుకుంటే ఒక్క లైను చదవలేడు. మన ముస్‌హఫ్‌లలో (ఖురాన్ ప్రతుల్లో) ఉన్నట్టు మామూలు రాతలో జబర్, జేర్, పేష్ ఉండవు. గుర్తులు లేకపోతే మాట తెలిసి ఉండాలి. మాటలు మనం నేర్పలేదు. జీతం, పని గంటలు ఏ వరసలో ఉన్నాయో తెలియకుండానే వేలిముద్ర వేసినంత పని జరుగుతోంది. అరబీ వస్తే ఆ కుర్రాడికి అక్కడ డ్రైవర్ పని కంటే మంచి పని దొరికేది. హైదరాబాద్ ఆసుపత్రులకు యెమెన్, ఒమన్, ఇరాక్ నుంచి రోగులు వస్తున్నారు, వాళ్ల మాట డాక్టర్లకు చెప్పే మనుషులు కావాలి. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా అరబీ తీసుకోవచ్చు. ఉస్మానియా యూనివర్సిటీలో అరబీ చెప్తారు. ఈ దారులన్నీ ఉన్నాయని మక్తబులో పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

7. జుమా. వ్యవసాయ పనులు ఆపుకుని, షాపుకి తాళం వేసుకుని మగవాళ్లు మసీదుకు వస్తారు. వారం మొత్తంలో దీన్ గురించి నాలుగు మాటలు వినే సమయం అదొక్కటే. ఖుత్బా అరబీలో ఉంటుంది, దానికి ముందు బయాన్ ఉర్దూలో. తెలుగు తప్ప మరో భాష రానివాళ్లకు రెండూ ఒకటే. రంజాన్‌లో రాత్రిపూట చదివే తరావీహ్ నమాజు సంగతీ ఇంతే. ఇరవై రకాతులు (నమాజు విడతలు) నిలబడి, రోజుకు ఒక పారాకు (సిపారాకు) కాస్త ఎక్కువ చొప్పున ఇరవై ఏడో రాత్రికి ఖురాన్ మొత్తం వింటాం. పెద్ద వయసు వాళ్లు మోకాళ్ల నొప్పులతో నిలబడి వింటారు. ఆ రోజు చదివిన పారాలో ఏముందో ఐదు నిమిషాలు తెలుగులో చెప్పేవాళ్లు లేరు.

యాసీన్ సూరా గురించి చెప్పకుండా ఉండలేను. ప్రాణం పోతున్న వాళ్ల దగ్గర, పోయిన వాళ్ల దగ్గర మనం ఎక్కువగా చదివేది అదే. దాని డెబ్బయ్యో ఆయతులో, ఈ ఖురాన్ బతికున్నవాళ్లను హెచ్చరించడానికి అని ఉంది. మా అత్తగారు తన జీవితమంతా యాసీన్ చదివారు. ఈ ఆయతు అర్థం ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను ఒక తెలుగు అనువాదంలో చూసి చెప్తే, పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఆ ఒక్క చోటే వేలు పెట్టి ఉంచారు. ఆ తర్వాత ఆమె రోజూ నన్ను పిలిచి రెండు ఆయతులకు అర్థం అడిగేవారు. అంత వయసులో నేర్చుకోవాలనే ఆశ ఉన్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

తెలుగువాళ్లకు అరబీ కష్టం అంటారు. అరబీ వ్యాకరణానికి పునాది వేసిన మహాపండితుల్లో ఒకరైన సీబవైహ్ అరబ్బు కాదు, పారశీకుడు. హదీసులు సేకరించిన ఇమామ్ బుఖారీ ఊరు బుఖారా. వాళ్లందరూ మనలాగే పరాయి భాషగా మొదలుపెట్టి నేర్చుకున్నవాళ్లు. మన హైదరాబాద్‌లో 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ పాత అరబీ రాతప్రతుల్ని పరిష్కరించి అచ్చేసి, అరబ్బు దేశాల పండితులకే పుస్తకాలు అందించింది. హైదరాబాద్‌లోనే ఉన్న జామియా నిజామియా మదరసాకు నూట నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చదువు ఊళ్ల వరకూ, తెలుగు మాట్లాడే ఇళ్ల వరకూ దిగిరాలేదు, అంతే. ఖురాన్‌లో సుమారు 77 వేల మాటలున్నాయి, కానీ మళ్లీ మళ్లీ వచ్చేవే ఎక్కువ. వాటిలో హక్కు, హిసాబు, వకీలు, బాకీ, కితాబు లాంటివి తెలుగు పిల్లలకు అమ్మ ఒడిలోనే తెలుసు. ఇంత దగ్గర దారి ఉండగా పిల్లల్ని ముందు ఉర్దూ నేర్చుకుని, దాని ద్వారా అరబీకి రమ్మనడం ఏం న్యాయం? ఉర్దూ మీద నాకు ఏ చిన్నచూపూ లేదు. ఉర్దూ ఇంట్లో ఉన్న పిల్లలు ఉర్దూలోనే నేర్చుకోవాలి. మా పిల్లలకు ఆ మెట్టు అడ్డు.

కేరళ చూడండి. అక్కడ సమస్త అనే మతపండితుల సంఘం విద్యాబోర్డు 1951లో మొదలై, వేల మదరసాలకు ఒకే సిలబస్, ఒకే పరీక్ష నడుపుతోంది. ప్రభుత్వ బళ్లలో అరబీ టీచర్లున్నారు. అరబీ పాఠాల స్థానం తగ్గిస్తారని అనుమానం వచ్చిన 1980లో మలప్పురంలో జరిగిన ఆందోళనలో ముగ్గురు యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అరబీ అంటే అంత ప్రాణం పెట్టే మలయాళీలు తమ మాతృభాషను పక్కన పెట్టలేదు. తెలుగులోనూ ఖురాన్ అనువాదం ఇప్పటి మాట కాదు. చిలుకూరి నారాయణరావు గారు 1920ల్లోనే ఆ పని చేశారు. ముస్లిం కాని పండితుడు వందేళ్ల కిందట మనకోసం అంత శ్రమ తీసుకుంటే, మన మక్తబులు ఆ తెలుగును ఇంకా గుమ్మం బయటే నిలబెట్టాయి.

మా కోరికలు ఇవి. ఒక్కటీ షరియత్‌కు విరుద్ధం కాదని ఉలమాలను (మతపండితులను) అడిగే రాస్తున్నాను.

1. మక్తబులో రోజూ చివరి పావుగంట అర్థానికి కేటాయించండి. నమాజులో చదివే ఫాతిహా, అత్తహియ్యాత్, దరూద్, అమ్మపారాలో చివరి పది సూరాలతో మొదలుపెట్టండి. మాటకు మాట, తర్వాత భావం, తెలుగులో.

2. తెలుగు మాట్లాడే జమాత్‌లలో జుమా ఖుత్బా అరబీలోనే ఉంచి, ముందు బయాన్ తెలుగులో చెప్పించండి. ఇమామ్ గారికి తెలుగు రాకపోతే వచ్చినవాళ్లకు పది నిమిషాలు ఇవ్వండి. తరావీహ్ తర్వాత ఆనాటి పారా సారాంశం ఐదు నిమిషాలు చెప్పించండి.

3. ఆడవాళ్లకు, ఎదిగిన ఆడపిల్లలకు వారానికి ఒక పూట తరగతి పెట్టండి. ఆలిమా (మతవిద్య) కోర్సు చదివి పెళ్లిళ్లు చేసుకుని ఇంట్లో ఉన్న అమ్మాయిలు ఉన్నారు. వాళ్లను ఆపాలుగా (ఆడపిల్లలకు చదువు చెప్పే అక్కలుగా) పెట్టుకుని జీతం ఇవ్వండి. సేవ అనే పేరుతో ఊరికే చేయించుకోవద్దు.

4. ఉస్తాదుల జీతాలు పెంచండి. ఇది మా పిల్లల చదువు కంటే ముందు చెప్పాల్సిన మాట. మినార్‌కు, టైల్స్‌కు, షాండిలియర్లకు చందాలు లక్షల్లో లేస్తున్నాయి. అర్థం చెప్పడానికి తయారై రమ్మని ఉస్తాద్‌ను అడగాలంటే, పూట భోజనం ఏ ఇంటి నుంచి వస్తుందా అని ఎదురుచూసే స్థితిలో ఆయన్ను ఉంచకూడదు. వచ్చే ఏడాది రంగులు వేయడం ఆపైనా ఈ పని చేయండి.

5. రెండు రాష్ట్రాల వక్ఫ్ బోర్డులు, జామియా నిజామియా, యూనివర్సిటీల అరబీ శాఖల వాళ్లు కూర్చుని తెలుగు పిల్లల కోసం ఒక అరబీ వాచకం తయారు చేయించండి. ఖాయిదా తర్వాత నేరుగా అదే చెప్పొచ్చు. గుర్తులు లేని మామూలు రాత చదవడం కూడా అందులో ఉండాలి. బళ్లో పాఠాలు చెప్పే అనుభవం ఉన్న మాలాంటివాళ్లం ఊరికే పనిచేస్తాం.

6. తెలుగు లిపి సూరాల పుస్తకాలు అచ్చేసేవాళ్లు పక్కనే అరబీ మూలం, కింద అర్థం తప్పకుండా వేయాలి. అక్షరాల తేడా తెలిసేలా గుర్తులు పెట్టాలి.

7. నికాహ్ సమయంలో మెహర్ మొత్తం, పెళ్లికూతురు హక్కులు ఆమెకు తెలిసిన భాషలో చెప్పి, ఆమె నోటితో అన్నాకే సంతకం తీసుకోవాలని ఖాజీ సాహెబులకు మనవి.

మా ఊరి కమిటీకి ఇచ్చిన అర్జీకి ఇప్పటికైనా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో కారణం రాయండి, మేం ఉలమాల దగ్గరికి తీసుకెళ్తాం. మిగతా ఊళ్ల కమిటీలు రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెలలో పెట్టే మీటింగ్‌లో ఈ ఏడు అంశాలూ అజెండాలో చేర్చండి. రంజాన్ మొదటి తరావీహ్ నుంచే ఆ ఐదు నిమిషాల తెలుగు సారాంశం మొదలుపెట్టొచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. మా ఊళ్లో ఆ సారాంశాలు రాసివ్వడానికి తల్లులం సిద్ధంగా ఉన్నాం, ఇమామ్ గారు చూసి దిద్ది చదివితే చాలు.

వస్సలాం.

ఇట్లు,
ఒక తెలుగు ముస్లిం తల్లి, ఉపాధ్యాయురాలు
పల్నాడు